ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్, మధ్యలో ఇరుక్కుపోయిన మన ఇంటిపేరు

ముందు ఒక చిన్న పని చేయండి. మీ పాన్ కార్డు తీయండి. పర్సులో లేకపోతే ఫోన్ గ్యాలరీలో ఉంటుంది. ఎప్పుడో ఎవరికో వాట్సాప్‌లో పంపిన ఫొటో, కొంచెం వంకరగా, పక్కన మంచం దుప్పటి కూడా కనబడుతూ. అందరికీ ఉంటుంది. తీశారా? నంబర్‌లో మొత్తం పది క్యారెక్టర్లు. మొదటి మూడు వదిలేయండి, అవి వరస అక్షరాలు. నాలుగోది 'పి'. అంటే పర్సన్. మీరు మనిషే అని ప్రభుత్వం ఒప్పుకుంది, కంగ్రాట్స్. ఇప్పుడు ఐదో అక్షరం చూడండి. అది మీ సర్‌నేమ్ మొదటి అక్షరం.

ఇక్కడే మన తెలుగువాళ్లు రెండు మూడు పార్టీలుగా చీలిపోతారు. కొందరికి అక్కడ ఇంటిపేరు అక్షరం ఉంటుంది. కొందరికి 'ఆర్' ఉంటుంది, ఎందుకంటే పేరు చివర రావో రెడ్డో ఉంది, ఫారం నింపిన ఏజెంటు అదే సర్‌నేమ్ అనుకున్నాడు. ఇంకొందరికి అచ్చంగా వాళ్ల సొంత పేరు అక్షరమే ఉంటుంది, అంటే ఆ మనిషి సర్‌నేమ్ 'సురేష్' అన్నమాట. మా ఇంట్లో నలుగురం. ఒకే ఇంటిపేరు. ఐదో అక్షరాలు మాత్రం మూడు రకాలు. ఆదాయపు పన్ను శాఖ లెక్కలో మేము ఒక కుటుంబం కాదు, ఒకే ఫ్లాట్‌లో పీజీ ఉంటున్న బ్యాచ్.

(కామెంట్లలో మీ పాన్ నంబర్ పెట్టకండి, ప్లీజ్. అక్షరం చెప్పండి చాలు.)

ఈ రోజు ఎపిసోడ్ దీని మీదే. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అనే ఈ రెండు డబ్బాలు ఎక్కడి నుంచి వచ్చాయి? మన పేర్లు వాటిలో ఎందుకు పట్టవు? పట్టకపోతే డబ్బా మార్చాలి గానీ, మనం మన పేరే తిరగేసుకుని దాన్ని స్టైల్ అని ఎందుకు అనుకుంటున్నాం?

చివరి ప్రశ్నే నన్ను ఎక్కువ కెలికేది. మా నాన్న తరం ఎవరినైనా అడగండి, అక్కినేని నాగేశ్వరరావు అంటారు, ఘట్టమనేని కృష్ణ అంటారు, వేటూరి సుందరరామమూర్తి అంటారు. మనం? విజయ్ దేవరకొండ. శేఖర్ కమ్ముల. సత్య నాదెళ్ల. ఇంగ్లిష్‌లో అయితే ఓకే, తెలుగు పేపర్లో, తెలుగు లిపిలో, తెలుగు పోస్టర్ మీద కూడా ఇదే వరస. ఎవరూ ఆర్డర్ వేయలేదు. ఏ ప్రభుత్వమూ జీవో ఇవ్వలేదు. ఒక తరంలో ఒక జాతి మొత్తం పేరు వెనకది ముందు, ముందుది వెనక పెట్టేసుకుంది. కనీసం ఒక వాట్సాప్ ఫార్వర్డ్ కూడా రాలేదు దీని మీద!

'అందులో ఏముంది బ్రో, ముందుంటే ఏంటి వెనకుంటే ఏంటి' అంటారా? ఉంది. టెన్త్ తెలుగు గ్రామర్‌లో ఔపవిభక్తికాలు అని ఒకటి ఉండేది, గుర్తుందా? ఇ, టి, తి. రెండు మార్కుల ప్రశ్న. అది బతుకులో ఎక్కడా పనికిరాదు అనుకున్నాం. ఇక్కడ పనికొస్తుంది. 'ఊరు' అనే మాటకి 'యొక్క' అర్థం రావాలంటే 'ఊరి' అవుతుంది. ఊరి చెరువు, ఊరి జనం. 'పాడు' అయితే 'పాటి' అవుతుంది. ఇప్పుడు ఇంటిపేర్లు చూడండి. కందుకూరు ఊరు, కందుకూరి ఇంటిపేరు. టంగుటూరు ఊరు, టంగుటూరి ఇంటిపేరు. గుడిపాడు, గుడిపాటి. అంటే కందుకూరి వీరేశలింగం అంటే 'కందుకూరు తాలూకు వీరేశలింగం' అని అర్థం. అది పేరు కాదు, దాదాపు సగం వాక్యం. టంగుటూరి ప్రకాశం, అంటే టంగుటూరు వాళ్ల ప్రకాశం. ఇప్పుడు దాన్ని తిరగేసి 'ప్రకాశం టంగుటూరి' అనండి. టంగుటూరి... ఏంటి? టంగుటూరి బస్సా? టంగుటూరి ఏమిటో చెప్పకుండా వాక్యం గాల్లో వేలాడుతుంది. 'వీరేశలింగం కందుకూరి' అని ఎవరైనా అంటే, కందుకూరి తర్వాత ఇంకో మాట వస్తుందని మా నానమ్మ ఎదురు చూస్తూ కూర్చుంటుంది.

అన్ని ఇంటిపేర్లూ ఊళ్ల నుంచే రాలేదు, అది నిజం. తిండి నుంచి వచ్చినవి ఉన్నాయి: పప్పు, అల్లం, నేతి, మిరియాల, గుమ్మడి, చింతకాయల. జంతువుల నుంచి వచ్చినవి ఉన్నాయి: పులి, ఏనుగు, నక్కా, పిల్లి, కాకి. ఇవి ఎలా వచ్చాయని అడిగితే ప్రతి ఇంట్లో ఒక కథ చెప్తారు, ప్రతి కథలోనూ ఒక రాజుగారు ఉంటారు. అది నమ్మాలా వద్దా మీ ఇష్టం. ఇంజినీరింగ్‌లో మా క్లాసులో 'పిల్లి' ఒకడు, 'పులి' ఒకడు, రోల్ నంబర్లు పక్కపక్కనే. అటెండెన్స్ తీసుకునే మేడమ్ ఆ రెండు పేర్ల దగ్గర రోజూ ఒక క్షణం ఆగేది. నాలుగేళ్లు.

సరే, హిస్టరీలోకి వెళ్దాం. మనిషికి రెండో పేరు ఎందుకు అవసరమైంది? మనకి కాదు. పక్కింటివాళ్లకి మనం ఎవరో తెలుసు. ఊళ్లో ముగ్గురు రాములు ఉంటే పొట్టి రాములు, చెరువుగట్టు రాములు, మిలట్రీ రాములు. సమస్య తీరిపోయింది. రెండో పేరు అవసరమైంది మనల్ని ఎప్పుడూ చూడని వాడికి. అంటే పన్ను వసూలు చేసేవాడికి, సైన్యంలోకి లాగేవాడికి. జేమ్స్ స్కాట్ అని ఒక రాజనీతి శాస్త్రవేత్త ఉన్నాడు, 1998లో 'సీయింగ్ లైక్ ఎ స్టేట్' అని పుస్తకం రాశాడు. ఆయన వాదన సింపుల్‌గా చెప్పాలంటే, తరతరాలకీ మారని సర్‌నేమ్ అనేది చాలా చోట్ల జనం కోరుకుని పెట్టుకున్నది కాదు, రాజ్యం తన లెడ్జర్ కోసం పెట్టించింది. మనం డేటాబేస్‌లో ప్రైమరీ కీ పెట్టుకుంటాం చూడండి, అదే.

దీనికి బెస్ట్ ఎగ్జాంపుల్ ఫిలిప్పీన్స్. అప్పుడు అది స్పెయిన్ వాళ్ల చేతిలో ఉంది. జనం క్రైస్తవం తీసుకున్నాక ఎక్కువమంది 'దె లా క్రూజ్', 'దె లోస్ సాంతోస్' లాంటి పేర్లు పెట్టేసుకున్నారు. ఒకే పేరుతో వందల మంది. పన్ను ఎవడు కట్టాడు, ఎవడు ఎగ్గొట్టాడు తెలియట్లేదు. గవర్నర్ జనరల్ నార్సిసో క్లావేరియాకి చిర్రెత్తుకొచ్చింది. 1849 నవంబర్ 21న ఒక ఉత్తర్వు ఇచ్చాడు. దానితోపాటు ఒక పుస్తకం, సర్‌నేమ్‌ల క్యాటలాగ్. అందులో సుమారు 61 వేల పేర్లు, అక్షర క్రమంలో. స్పానిష్ పేర్లు, స్థానిక మాటలు, మొక్కల పేర్లు, ఏది దొరికితే అది. ఆ పేజీలు ఊళ్లకి పంచారు. మీ ఊరికి ఈ పేజీ వచ్చింది, ఇందులోంచి ఒక పేరు తీసుకోండి, ఇకనుంచి మీ పిల్లలకీ మనవలకీ అదే. దీని ఎఫెక్ట్ ఏంటంటే, కొన్ని ఊళ్లలో ఇప్పటికీ సర్‌నేమ్‌లు చాలావరకు ఒకే అక్షరంతో మొదలవుతాయి. ఎందుకంటే వాళ్ల తాతల ఊరికి ఆ అక్షరం పేజీ వచ్చింది. మనకి ఎక్సెల్‌లో ర్యాండమ్ డేటా కావాలంటే ఫేకర్ లైబ్రరీ వాడతాం. క్లావేరియా ఒక దేశం మొత్తం మీద ఆ స్క్రిప్ట్ రన్ చేశాడు.

జపాన్‌లో 1875లో సర్‌నేమ్ తప్పనిసరి చేశారు. అంతకు ముందు సామాన్యుల్లో చాలామందికి అధికారికంగా అది వాడే హక్కే లేదు. థాయ్‌లాండ్‌లో 1913లో వచ్చింది, అక్కడ సంబంధం లేని రెండు కుటుంబాలు ఒకే సర్‌నేమ్ పెట్టుకోకూడదు. యూజర్‌నేమ్ ఆల్రెడీ టేకెన్, అన్నమాట. అందుకే కొత్తగా వచ్చిన పేర్లు రైలుబండి అంత పొడుగు. టర్కీలో 1934లో చట్టం చేశారు, అదే ఏడు పార్లమెంటు ముస్తఫా కెమాల్‌కి 'అతాతుర్క్' అనే సర్‌నేమ్ ఇచ్చి, ఇంకెవరూ అది పెట్టుకోకూడదని లాక్ చేసింది. బ్లూ టిక్‌కి అది తాతగారు.

నాకు బాగా నచ్చింది మంగోలియా కథ. 1920ల్లో అక్కడి కమ్యూనిస్టు ప్రభుత్వం వంశం పేర్లు వాడటం ఆపించింది. డెబ్బై ఏళ్లు గడిచాయి. జనం తమ వంశం పేరు ఏంటో మర్చిపోయారు. 1990ల్లో మళ్లీ పెట్టుకోండి అన్నారు. ఏది పెట్టుకోవాలి? చాలామంది నేరుగా 'బోర్జిగిన్' పెట్టేసుకున్నారు. అది చెంఘిజ్ ఖాన్ వంశం పేరు. ఫ్రీగా ఇస్తుంటే చిన్నది ఎందుకు తీసుకోవాలి, లాజిక్కే. కానీ గుర్రగ్చా అనే ఆయన మాత్రం వేరే పేరు తీసుకున్నాడు. 1981లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి మంగోలియన్ ఆయన. తన ఇంటిపేరు 'సన్సార్' అని పెట్టుకున్నాడు. వాళ్ల భాషలో దాని అర్థం అంతరిక్షం. ఊరు పేరుతో ఇంటిపేరు పెట్టుకోవడంలో దీన్ని కొట్టేవాడు లేడు.

ఇప్పుడు మన దగ్గరికి. మనకి క్లావేరియా రాలేదు. ఇండియాలో 'అందరూ సర్‌నేమ్ పెట్టుకోండి' అని చట్టం ఎప్పుడూ రాలేదు. అందుకే తెలుగువాడికి ఇంటిపేరు ముందు, తమిళుడికి తండ్రి పేరు ఇనీషియల్‌గా ముందు, గుజరాతీకి తండ్రి పేరు మధ్యలో సర్‌నేమ్ చివర, ఎవరి పద్ధతి వాళ్లది. చట్టం రాలేదు గానీ ఫారం వచ్చింది. చట్టం అయితే కనీసం ధర్నా చేయొచ్చు. ఫారం మీద ధర్నా చేయలేం. ఎర్ర చుక్క పెట్టి 'దిస్ ఫీల్డ్ ఈజ్ రిక్వైర్డ్' అంటుంది, అంతే.

ఫారం మన పెద్దవాళ్లని కూడా వదల్లేదు. ఎస్టిమేషన్ థియరీలో 'క్రామెర్-రావు బౌండ్' అని ఒకటి ఉంది. మెషీన్ లెర్నింగ్ చేసేవాళ్లు ఎక్కడో ఒకచోట దీన్ని చూసే ఉంటారు. ఆ రావు మనవాడే. కల్యంపూడి రాధాకృష్ణారావు, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, 1945లో, 25 ఏళ్లకి, ఆ పేపర్ రాశారు. ప్రపంచమంతా టెక్స్ట్‌బుక్కుల్లో 'రావు' అనే పేరు ఉంది. కానీ రావు ఆయన ఇంటిపేరు కాదు, సొంత పేరు కూడా కాదు. అది పేరుకి తగిలించే గౌరవం, 'గారు' లాంటిది. అంటే ఆ థియరం పేరు సుమారుగా 'క్రామెర్-గారు బౌండ్'. మన వీధిలో రాయి విసిరితే ఒక రావుగారికి తగులుతుంది.

డబ్బల రాజగోపాల్ రెడ్డి, చిత్తూరు జిల్లా కాటూరు. ఎవరు అంటారా? రాజ్ రెడ్డి. 1994లో ట్యూరింగ్ అవార్డు, కంప్యూటర్ వాళ్ల నోబెల్ అనుకోండి. మన బీటెక్‌లో ఏఐ సబ్జెక్టు మొదటి చాప్టర్‌లో ఆయన పేరు వస్తే 'ఓ, మనోడు' అనుకున్నాం, గర్వపడ్డాం, చాప్టర్ చదవలేదు. ఆయన ఇంటిపేరు డబ్బల అని ఎంతమందికి తెలుసు? యల్లాప్రగడ సుబ్బారావు సంగతి ఇంకా విచిత్రం. బయోకెమిస్ట్రీలో 1925 నాటి 'ఫిస్కే-సుబ్బారో' పద్ధతి ఆయనదే. అసలు పేరునే సర్‌నేమ్ చేసేశారు. యల్లాప్రగడ అనేది ముందుంది కాబట్టి అమెరికాలో అది ఫస్ట్ నేమ్. అంటే ఆయన్ని చనువుగా పిలవాలంటే 'హాయ్ యల్లాప్రగడ' అనాలి.

మనవాళ్లు ఒక్కరే కాదు. ఐక్యరాజ్యసమితి సెక్రటరీ జనరల్‌గా 1961 నుంచి 1971 దాకా చేసిన యు థాంట్ ఉన్నాడు కదా, బర్మా ఆయన. అక్కడ 'యు' అంటే 'శ్రీ' లాంటిది. పేరు ఒక్కటే: థాంట్. ప్రపంచం దాన్ని ఫస్ట్ నేమ్ అనుకుంది.

ఇక పాస్‌పోర్టు. ఫొటో పేజీ కింద రెండు లైన్లు ఉంటాయి చూడండి, అక్షరాలూ బాణం గుర్తులూ. మెషీన్ చదవడానికి. ఒక్కో లైన్‌లో 44 స్థానాలు. మొదటి లైన్‌లో ఐదు స్థానాలు డాక్యుమెంటు రకానికీ దేశం కోడ్‌కీ పోతే, పేరుకి మిగిలేది 39. అందులోనూ సర్‌నేమ్‌కీ మిగతా పేరుకీ మధ్య రెండు బాణాలు. ఇప్పుడు ఒక టెస్ట్ కేస్. శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. మామూలు ఇంగ్లిష్ స్పెల్లింగ్‌లో శ్రీపతికి 8, పండితారాధ్యులకి 15, మధ్యలో ఒక బాణం, మొత్తం ఇంటిపేరు 24. రెండు బాణాలు, 26. బాలసుబ్రహ్మణ్యానికి 16. టోటల్ 42. మూడు అక్షరాలు ఎక్కడో కొయ్యాలి. చివర కోస్తే 'బాలసుబ్రహ్మన్' మిగులుతాడు. వేల పాటలు పాడిన గొంతుకి 39 అక్షరాల లిమిట్.

ఒక తమాషా చెప్పనా? ఈ రూల్స్ రాసింది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, వాళ్ల డాక్యుమెంట్ నంబర్ 9303. అందులో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని పెట్టలేదు. 'ప్రైమరీ ఐడెంటిఫయర్', 'సెకండరీ ఐడెంటిఫయర్' అని పెట్టారు. ఎందుకంటే ప్రపంచంలో పేర్లు రకరకాలుగా ఉంటాయని వాళ్లకి తెలుసు. పైగా ఆ మెషీన్ లైన్‌లో సర్‌నేమే ముందు వస్తుంది, అచ్చం మన టెన్త్ మెమోలోలాగా. అంటే మెషీన్ తెలుగువాడే. మధ్యలో వెబ్‌సైట్లు రాసినవాళ్లే చెడగొట్టారు. నేను రాసినప్పుడు చూశాగా. ఉద్యోగంలో రెండేళ్లు ఇలాంటి కేవైసీ ఫారాలతోనే కాపురం చేశా. ఒకే డబ్బా పెట్టి 'పూర్తి పేరు' అని అడుగుదాం అని మీటింగ్‌లో అంటే, 'క్లయింట్ స్పెక్‌లో రెండు ఉన్నాయి' అన్నారు. క్లయింట్‌ని అడిగితే 'పాత సిస్టమ్‌లో రెండు ఉన్నాయి' అన్నారు. పాత సిస్టమ్ రాసినవాడు ఎప్పుడో రిటైర్ అయిపోయి ఉంటాడు, పేరు తెలీదు. ఫస్టో లాస్టో కూడా తెలీదు. 2010లో ప్యాట్రిక్ మెకెంజీ అనే ప్రోగ్రామర్, పేర్ల గురించి ప్రోగ్రామర్లు నమ్మే అబద్ధాలు అని 40 పాయింట్ల లిస్ట్ రాశాడు, మా ఫీల్డ్‌లో చాలా ఫేమస్. చివరి అబద్ధం ఏంటంటే, ప్రతి మనిషికీ ఒక పేరంటూ ఉంటుంది అనుకోవడం. అందరం చదివి, నవ్వుకుని, షేర్ చేసి, మళ్లీ వెళ్లి రెండు డబ్బాలే పెట్టాం.

పాస్‌పోర్టులో సర్‌నేమ్ డబ్బా ఖాళీగా వదిలేసినవాళ్ల సంగతి అమెరికా వెళ్లినవాళ్లని అడగండి. పేరు మొత్తం ఒకే డబ్బాలో ఉంటే వీసా మీద అది సర్‌నేమ్ అయిపోతుంది, ఫస్ట్ నేమ్ దగ్గర 'ఎఫ్ఎన్‌యు' అని వస్తుంది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. తర్వాత లైసెన్స్ మీద, కాలేజీ ఐడీ మీద అదే. నా ఫ్రెండ్ ఒకడు టెక్సాస్‌లో ఎంఎస్ చేశాడు. కాఫీ షాపులో కార్డు చూసి 'ఫ్నూ!' అని పిలిచేవాళ్లట. మొదట్లో చిరాకు పడ్డాడు. రెండో సెమిస్టర్‌కి తనే వెనక్కి తిరిగేవాడు.

2022లో ఇంకొకటి జరిగింది. పాస్‌పోర్టులో ఒకే పదం పేరు ఉండి రెండో డబ్బా ఖాళీగా ఉంటే విజిట్ వీసా మీద రానివ్వం అని యూఏఈ చెప్పింది. ఇండియా విమానయాన సంస్థలు నోటీసులు పెట్టాయి. తర్వాత, పాస్‌పోర్టు రెండో పేజీలో తండ్రి పేరు ఉంటే పర్లేదు అని కొంచెం సడలించారు. దుబాయ్ అంటే మనలో కొందరికి రీల్స్ తీసుకునే ఊరు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లకి అది అన్నం పెట్టే ఊరు. అక్కడికి వెళ్లేవాళ్లలో ఒక్క ముక్క పేరుతో పాస్‌పోర్టు ఉన్నవాళ్లు చాలామందే. ఆ రూల్ అమల్లోకి వచ్చిన తేదీ చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవంబర్ 21. క్లావేరియా ఉత్తర్వు తేదీ. సరిగ్గా 173 ఏళ్ల తర్వాత.

ఇప్పటిదాకా నవ్వుకున్నాం. ఇది నవ్వులాటగా ఉండని చోటు ఒకటి చెప్తా.

మా తాతయ్య పోయాక ఆయన పేరు మీద ఒక డిపాజిట్ ఉందని తెలిసింది. పెద్ద మొత్తం కాదు, కానీ నానమ్మ మందులకి ఒక ఏడాది వస్తుంది. నామినీ నానమ్మే. తాతయ్య రాయించిన పేరు 'లచ్చమ్మ'. ఆయన ఆవిడని ఎప్పుడూ అలాగే పిలిచాడు, అలాగే రాయించాడు. ఆధార్‌లో 'లక్ష్మమ్మ', ముందు అత్తారింటి ఇంటిపేరు. రేషన్ కార్డులో ఇంకో స్పెల్లింగ్. భూమి కాగితంలో పుట్టింటి ఇంటిపేరుతో ఉంది, ఎందుకంటే అది వాళ్ల నాన్న ఇచ్చిన అర ఎకరం. నాలుగు కాగితాలు, నాలుగు మనుషులు. కౌంటర్‌లో ఉన్నాయన చెడ్డవాడేం కాదు, స్క్రీన్ తిప్పి చూపించాడు కూడా: 'నేమ్ మిస్‌మ్యాచ్'. ఇద్దరూ ఒక్కరే అని అఫిడవిట్ కావాలన్నారు. నోటరీ, స్టాంపు, ఇద్దరు సాక్షులు, తర్వాత ఆ అఫిడవిట్‌లోనూ స్పెల్లింగ్ తేడా అని మళ్లీ. ఎనిమిది నెలలు. ఒక రోజు ఆటో దిగుతూ నానమ్మ అడిగింది: 'నేనే నేనని చెప్పడానికి వాడి సంతకం ఎందుకురా?' నా దగ్గర జవాబు ఉంది. స్ట్రింగ్ కంపారిజన్, నానమ్మా. కంప్యూటర్‌కి ఒక స్పేస్ ఎక్కువైనా నువ్వు నువ్వు కాదు. అది ఆవిడకి చెప్పలేకపోయా.

ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకి ఎక్కువ, ఎందుకంటే మనింట్లో ఇంటిపేరు మారేది వాళ్లదే. అమ్మ టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక ఇంటిపేరు, ఆధార్‌లో ఒకటి. పాన్-ఆధార్ లింక్ హడావిడి గుర్తుందా, వెయ్యి రూపాయల ఫీజు, 2023 జూన్ 30 లాస్ట్ డేట్? మా వీధిలో మీసేవా ముందు నిలబడిన లైన్‌లో ఎక్కువమంది ఆంటీలే. ఆధార్‌లో పేరుకి ఒకే డబ్బా ఉంటుంది, పాన్‌లో విడగొట్టి అడుగుతారు. ఒక డబ్బా మూడు డబ్బాలతో మ్యాచ్ కావాలి. జాతకాలు కలవడమే ఈజీ.

ఇంకో విషయం, ఇది దాటేస్తే ఎపిసోడ్ అబద్ధం అవుతుంది. నా ఇంటిపేరు ఈ ఛానల్‌లో ఎక్కడా చెప్పలేదు, గమనించారా? చెప్తే ముప్పై సెకన్లలో కొందరు నా కులం వెతకడం మొదలుపెడతారు. హైదరాబాద్‌లో రూమ్ కోసం తిరిగినప్పుడు ఒక ఓనర్ అంకుల్ పేరు అడిగాడు, చెప్పా. 'పూర్తి పేరు బాబూ' అన్నాడు. ఇంటిపేరుతో చెప్పా. కాసేపు ఆలోచించాడు. పాపం ఆయనకి అర్థం కాలేదు, ఎందుకంటే మాది ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు. ఒకే ఊరి పేరు ఇంటిపేరుగా మూడు నాలుగు కులాల్లో ఉంటుంది. చివరికి 'మీరు ఏమిట్లు?' అని సూటిగా అడిగేశాడు. ఆ నిజాయితీకి మెచ్చుకుని వేరే రూమ్ చూసుకున్నా.

చిరాకు ఏంటంటే, ఇప్పుడు అడగక్కర్లేకుండా మనమే రాసి పెడుతున్నాం. ఇన్‌స్టా బయోలో తోక, బుల్లెట్ నంబర్ ప్లేట్ మీద తోక, పెళ్లి రీల్ హ్యాష్‌ట్యాగ్‌లో తోక. ఆ తోకలకి హిస్టరీ ఏంటో చూస్తే సరదాగా ఉంటుంది. సింథియా టాల్బట్ అనే చరిత్రకారిణి కాకతీయుల కాలం నాటి శాసనాల్లో పేర్లన్నీ కూర్చుని లెక్కేసింది. రెడ్డి, నాయకుడు, సెట్టి, బోయ లాంటివి అప్పట్లో మనిషి హోదానో పనినో చెప్పే బిరుదుల్లా పనిచేశాయని ఆమె చూపించింది. తండ్రికి ఒకటి, కొడుక్కి ఇంకొకటి ఉన్న సందర్భాలు కూడా ఉన్నాయి. అంటే అప్పుడు అది లింక్డిన్‌లో జాబ్ టైటిల్ లాంటిది. మనం దాన్ని డీఎన్‌ఏ అనుకుని స్టిక్కర్ వేయించుకున్నాం.

వందేళ్ల కిందటి కుర్రాళ్లు మనకంటే తెగువ ఉన్నవాళ్లు, ఈ విషయంలో. పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి అని నెల్లూరు జిల్లాలో ఒక భూస్వామి ఇంటి కుర్రాడు, 1913లో పుట్టాడు. చివరి రెండక్షరాలు తీసి పక్కన పెట్టి సుందరయ్య అయ్యాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో విజ్ఞాన కేంద్రం బోర్డు మీద ఉన్న పేరు అదే. గోపరాజు రామచంద్రరావు తన పేరు 'గోరా'గా కుదించుకున్నాడు. ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో కొడుకు పుడితే 'లవణం' అని పెట్టాడు. 1939లో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు ఇంకో కొడుకు పుడితే 'సమరం'. కులం లేదు, దేవుడు లేడు, పుట్టిన ఏడాది మాత్రం తెలుస్తుంది. ఈ లెక్కన 2020లో పుట్టిన పిల్లలకి ఏం పెట్టేవాడో ఆలోచించకూడదు అనుకుంటూనే ఆలోచిస్తున్నా.

మా అక్కకి పోయిన నెల పాప పుట్టింది. హాస్పిటల్‌లో పుట్టుక రిజిస్టర్ చేశారు, పేరు దగ్గర ఖాళీ. పేరు తర్వాత చేర్చుకోవచ్చు, పన్నెండు నెలల దాకా ఫీజు కూడా లేదు. అప్పటినుంచి ఫ్యామిలీ గ్రూప్‌లో యుద్ధం. బావ అంటాడు, రేపు ఎప్పుడైనా అమెరికా వెళ్తే ఇబ్బంది లేకుండా ఇంటిపేరు చివర పెడదాం అని. నాన్న అంటాడు, ఇంటిపేరు ముందు లేకపోతే అది పేరే కాదు అని. అమ్మకి ఒక న్యూమరాలజిస్ట్ దొరికాడు, పేరులో ఎక్కడో ఒక 'హెచ్' ఎక్కువ ఉండాలట. అక్క అడిగింది, నా ఇంటిపేరు ఎందుకు పెట్టకూడదు, నేనే కదా కన్నది అని. ఆ మెసేజ్‌కి పదకొండు మంది బ్లూ టిక్, జీరో రిప్లై. నన్ను 'నువ్వు సాఫ్ట్‌వేర్ కదా, ఏది కరెక్టో చెప్పు' అన్నారు. నేను ఒక్కటే చెప్పా: ఏది పెట్టినా టోటల్ 39 దాటనివ్వకండి, ఒకసారి రాశాక స్పేస్ కూడా మార్చకండి. నానమ్మకి ఈ గొడవంతా పట్టలేదు. ఆవిడ పాపని మొదటి రోజు నుంచే 'బుజ్జులు' అంటోంది. ఇంకా పదకొండు నెలల టైముంది.